టెన్షన్, ఫికర్, రంది

మా నిజామాబాద్‌లో ఇంగ్లీషు రానివాళ్లు కూడా రోజుకు పదిసార్లు వాడే ఇంగ్లీషు మాట ఒకటుంది. టెన్షన్. ఫీజు కట్టాల్సిన తండ్రికి టెన్షన్. రిజల్టు రావాల్సిన పిల్లకు టెన్షన్. పసుపు కల్లంలో ఆరబోసినప్పుడు మబ్బు పట్టిందంటే రైతుకు టెన్షన్. దమ్మామ్‌లో ఉన్న కొడుకు రెండు రోజులు ఫోన్ చేయకపోతే తల్లికి టెన్షన్. కూరలో ఉప్పు ఎక్కువైందేమోనని కొత్త కోడలికి కూడా అదే టెన్షన్. ఇన్ని రకాల బాధలకు ఒకటే మాట. దానికి జవాబు కూడా ఒకటే. తెలుగువాళ్లయితే "టెన్షన్ తీస్కోకు" అంటారు, మావాళ్లయితే "టెన్షన్ నక్కో లే మియా" అంటారు. చాయ్ తీసుకో, బిస్కెట్ తీసుకో, టెన్షన్ మాత్రం తీసుకోకు! ఎవరో ట్రేలో పెట్టి మన ముందుకు తెస్తే మనమే చెయ్యి చాచి అందుకున్నట్టు.

ఈ "తీసుకోవడం" మన హిందుస్తాన్‌వాళ్లు చేర్చింది. ఇంగ్లీషువాళ్లు టెన్షన్‌ను అలా తీసుకోరు. వాళ్లకు అది తాడులో ఉంటుంది, తీగలో ఉంటుంది, పడని ఇద్దరు మనుషులు ఒకే గదిలో కూర్చుంటే వాళ్ల మధ్య ఉంటుంది. లాటిన్‌లో లాగడం, సాగదీయడం అనే మాట దీనికి మూలం. బోధన్ రోడ్డు మీద పొలాల్లోంచి పోయే పెద్ద కరెంటు తీగలను హైటెన్షన్ లైన్లు అంటాం కదా, ఆ టెన్షనూ ఇదే కుటుంబం, కాకపోతే అక్కడ దాని అర్థం వోల్టేజీ.

నేను ఈ మాట వెంట పడటానికి కారణం ఉంది. అది తర్వాత చెప్తాను. ముందు దీనికి మన దగ్గర ఏయే మాటలు ఉన్నాయో చూద్దాం. మా ఇంట్లో దక్కనీ ఉర్దూ, గల్లీలో తెలంగాణ తెలుగు, బడిలో పుస్తకాల తెలుగు, మస్జిద్‌లో అరబ్బీ. ఇన్ని ఉన్నా దిల్‌లో ఏముందో చెప్పాల్సి వచ్చేసరికి ఒక్క ఇంగ్లీషు మాటతో సరిపెట్టుకుంటున్నాం.

అక్షరార్థంలో టెన్షన్‌కు సరిగ్గా సరిపోయే ఉర్దూ మాట "కషీదగీ". ఫార్సీలో "కషీదన్" అంటే లాగడం. రెండు దేశాల మధ్యో, రెండు వర్గాల మధ్యో సంబంధాలు బిగుసుకుంటే ఉర్దూ అఖ్‌బార్లు "హాలాత్ కషీదా" అని రాస్తాయి. తమాషా ఏమిటంటే, మా ఇళ్లలో ఆడవాళ్లకు ఇదే మాట ఇంకో రకంగా తెలుసు. కషీదా అంటే సూదిపని, కుట్టుపువ్వులు. దుపట్టా అంచుకు దారం లాగి లాగి కుట్టేది. ఒకే లాగుడు, ఒకచోట పువ్వవుతుంది, ఒకచోట కర్ఫ్యూ అవుతుంది.

కర్ఫ్యూ అన్నాను కాబట్టి ఆ అర్థం కూడా చెప్పుకోవాలి. "ఊర్లె టెన్షన్ ఉందంట" అని ఎవరైనా అంటే అది ఒక మనిషి మనసు సంగతి కాదు. తెలుగు పేపర్లో "ఉద్రిక్తత" అని రాసేది అదే. ఆ మాట వినగానే అహ్మదీ బజార్‌లో షట్టర్లు సగానికి దిగుతాయి, బడికి పోయిన పిల్లల కోసం తల్లులు గుమ్మంలోకి వస్తారు, స్కూటర్ మీద పోయేవాడు గల్లీ మార్చుకుని పోతాడు. ఈ టెన్షన్‌ను తీసుకోకు అని ఎవరూ అనరు. ఇది తీసుకునేది కాదు, మీద పడేది. మా మొహల్లాలో పెద్దవాళ్లు దీన్ని "మాహోల్ ఖరాబ్ హై" అంటారు. మాహోల్ అంటే చుట్టూ ఉన్న వాతావరణం. నాకు ఆ మాటే నచ్చుతుంది. చెడింది మనుషులు కాదు, మాహోల్. రేపు బాగుపడొచ్చనే ఉమ్మీద్ అందులో ఉంది.

ఇక మనసులోకి వద్దాం. మొదటిది ఫికర్. అరబ్బీలో ఫిక్ర్ అంటే ఆలోచన, అంతే. ఉర్దూలోకి వచ్చాక ఆలోచనతో పాటు చింత కూడా అయింది. మన తెలంగాణ తెలుగులో "ఏం ఫికర్ జేయకు" అన్నప్పుడు ఆలోచన అర్థం పూర్తిగా పోయి చింత ఒక్కటే మిగిలింది. కానీ ఫికర్‌లో ఒక ఇజ్జత్ ఉంది. ఫికర్ పడేవాడు ఆలోచిస్తున్నాడు, దారి వెతుకుతున్నాడు, ఎవరి కోసమో పడుతున్నాడు. "మా అబ్బాకు పిల్లల ఫికర్" అంటే అది తారీఫ్. ఇంటి ఫికర్ లేనివాడిని "బేఫికర్" అని తిడతాం, అదే మాటను లారీ వెనక రంగుల్లో రాసుకుంటే షాన్. అబ్బా రాకాసిపేటలో సైకిల్ రిపేరు చేసేవారు. పంచరైన ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడ లేస్తుందా అని కళ్లు చిన్నవి చేసి చూసేవారు. ఫికర్ అంటే నాకు ఆ చూపు. చిల్లు ఎక్కడో ఒకచోట ఉంది, దొరుకుతుంది.

పరేషానీ అలా కాదు. పరేషాన్ అంటే ఫార్సీలో చెదిరిపోయినది. విరబోసుకుని చెల్లాచెదురైన జుట్టును షాయర్లు జుల్ఫె పరేషాన్ అంటారు. మా అమ్మీ బీడీలు చేసేది. నిజామాబాద్ జిల్లాలో బీడీ చేసే ఆడవాళ్లు లేని గల్లీ వెతికితే కష్టం. ఒళ్లో చేట, చేటలో తంబాకు, పక్కన తడిపి కత్తిరించిన తునికాకు, వేలికి దారం. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. ఆ చేతులు ఒక నిమిషం ఆగితే ఆ నిమిషం కూలి పోయినట్టే. ఒకే వారంలో ఇంటి కిరాయి, చెల్లి ఫీజు, షాదీకి పెట్టాల్సిన కానుక, కిరాణా ఉధార్ అన్నీ వచ్చి పడితే అమ్మీ "పరేషాన్ హూఁ" అనేది. చేటలోని తంబాకు గాలికి చెదిరినట్టు మనసు నాలుగు దిక్కులా పోవడం అది. ఫికర్‌కు ఒక దిక్కుంటుంది, పరేషానీకి దిక్కులు ఎక్కువ. పరేషాన్‌లో ఉన్న మనిషికి ధైర్యం చెప్పి లాభం లేదు. నాలుగింట్లో ఒకటి మనం తలకెత్తుకుంటే సగం పరేషానీ తగ్గుతుంది. పొరుగింటి అక్క అమ్మీ పక్కన కూర్చుని ఓ రెండొందల బీడీలు చుట్టి ఇచ్చిపోయేది, ఒక్క నసీహత్ కూడా చెప్పకుండా.

ఇక్కడ ఒక ముచ్చట. ఉర్దూలో "హైరాన్" అంటే ఆశ్చర్యపోయినవాడు, "పరేషాన్" అంటే కష్టంలో ఉన్నవాడు. తెలుగులోకి వచ్చేసరికి ఈ రెండూ కుర్చీలు మార్చుకున్నాయి. తెలుగువాళ్లు "పెండ్లి పనులతో హైరానా పడ్డం" అంటారు, అంటే అలసట, అవస్థ. తెలంగాణలో "ఆ బిల్డింగ్ జూసి పరేషాన్ అయిన" అంటారు, అంటే ఆశ్చర్యం. మా దోస్తు ఒకడు తన కొడుకు మార్కులు చూసి పరేషాన్ అయ్యానన్నాడు. నేను పాపం అనుకుని ఓదార్చబోయాను. వాడు మిఠాయి డబ్బా తీశాడు.

రంది గురించి రాయాలంటే కొంచెం ఆగాలి. ఇది ఉర్దూ కాదు, మన తెలంగాణ తెలుగు మాట. కోస్తావాళ్లకు చెప్పాలంటే దిగులు అని చెప్పొచ్చు కానీ సరిపోదు. దిగులు సాయంత్రం వచ్చి పొద్దునకు పోవచ్చు. రంది "పెట్టుకునేది". పెట్టుకున్నాక మనిషిని లోపల నుంచి తింటుంది. "కొడుకు రంది వెట్టుకుని సగమైంది" అంటారు. రందిలో ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు, ఆ మనిషి దూరంగా ఉంటాడు. మా జిల్లా నుంచి దుబాయ్, సౌదీ, మస్కట్, కువైట్ పోయినవాళ్లకు లెక్కలేదు. హిందూ ముసల్మాన్ తేడా లేదు, ఇద్దరి పాస్‌పోర్టుల్లోనూ అవే ముద్రలు. ఎడపల్లి, జానకంపేట వైపు ఏ ఊరికి పోయినా ఓ తల్లి, ఓ భార్య ఈ రందితో కనిపిస్తారు. ఆమెకు డబ్బు కష్టం లేకపోవచ్చు, కొత్త ఇల్లు కూడా లేచి ఉండొచ్చు. అయినా రంది. దానికి మందు మనిషి రావడమే. అంతదాకా ఆ మనిషి గురించి ఎవరైనా కూర్చుని మాట్లాడాలి, చిన్నప్పుడు ఏం అల్లరి చేసేవాడో అడగాలి. "టెన్షన్ తీస్కోకు" అంటే ఆమెకు నీ కొడుకును తలుచుకోకు అన్నట్టు వినిపిస్తుంది. ఏ తల్లి వింటుంది ఆ మాట?

ఉర్దూలో దీనికి దగ్గరి మాట "గమ్". కానీ గమ్‌లో రెండు రకాలు: పోయినవాళ్ల గమ్, దూరమైనవాళ్ల గమ్. రంది రెండోదానికే సరిపోతుంది. పోయినవాళ్ల కోసం పడేదాన్ని మా దగ్గర రంది అనడం నేను తక్కువే విన్నాను.

తెలుగు పేపర్లకు ఇష్టమైన మాట "ఆందోళన". సంస్కృతంలో ఊగడం. ఉయ్యాల ఊగినట్టు మనసు ఇటూ అటూ ఊగితే ఆందోళన. జెండా పట్టుకుని రోడ్డు మీద కూర్చున్నా ఆందోళనే. "చెరకు రైతుల ఆందోళన" అని హెడ్డింగ్ ఉంటే వాళ్లు ఇంట్లో కూర్చుని బాధపడుతున్నారా, గేటు దగ్గర ధర్నా చేస్తున్నారా, లోపల చదివితే గానీ తెలీదు. ఉర్దూవాళ్లు ఈ రెండింటినీ విడగొట్టారు. లోపలిది "తష్వీష్", బయటిది "ఎహ్తెజాజ్". బోధన్ విషయంలో మాత్రం తెలుగు మాటే సచ్చా అనిపిస్తుంది నాకు. ఎందుకంటే అక్కడ లోపలిదీ బయటిదీ ఒకటే అయిపోయాయి.

మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆ కాలువ నీళ్లు వచ్చాక బోధన్ చుట్టుపక్కల చెరకు విరివిగా పెరిగింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీ చుట్టూ లేచిన పేటకు శక్కర్‌నగర్ అని పేరు పడింది. ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్ద చక్కెర ఫ్యాక్టరీ మాది అని మా పెద్దవాళ్లు ఇప్పటికీ ఫఖర్‌గా చెప్పుకుంటారు. చలికాలం వస్తే ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు వరస కట్టేవి. క్రషింగ్ మొదలైన రోజు నుంచి ఊరంతా బెల్లప్పాకం వాసన, మొలాసిస్ వాసన. ఉతికి ఆరేసిన బట్టల మీద కూడా అదే. 2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ అని ప్రకటించి మూసేశారు. అప్పటి నుంచి ఎన్ని ఎలక్షన్లు వచ్చాయో అన్నిసార్లు "తెరుస్తాం" అన్న మాట వచ్చింది.

ఆ మూసిన గేటు ముందు కూర్చున్నవాళ్ల మనసులో ఉన్నదానికి ఏం పేరు పెడదాం? ఫికర్ అందామంటే ఆలోచించి చేయగలిగింది వాళ్ల చేతిలో లేదు. గమ్ అందామంటే పోయిందని ఎవరూ ఖాయంగా చెప్పడం లేదు. టీవీవాళ్లకైతే ఏ ఊరైనా ఒకటే, కింద ఎర్రపట్టీలో "టెన్షన్ టెన్షన్" అని రెండుసార్లు వేస్తారు. బోధన్‌లో చాయ్ హోటల్ దగ్గర కూర్చునే ముసలివాళ్లను అడిగితే "ఇంతెజార్" అంటారు. ఎదురుచూపు. ఇంతెజార్‌లో ఊగుడు ఉంది: తెరుస్తారు, తెరవరు, తెరుస్తారు. ఇప్పుడు చెప్పండి, ఆందోళన అన్న మాట ఎంత సరిగ్గా ఉందో.

ఇక నేను ఈ మాటల వెంట ఎందుకు పడ్డానో చెప్తాను. మా ఆపా కూతురు బోధన్ నుంచి రోజూ నిజామాబాద్‌కు బస్సులో వచ్చి ఇంటర్ చదివేది. బాగా చదివే పిల్ల. రెండో సంవత్సరం మధ్యలో తిండి తగ్గిపోయింది, రాత్రుళ్లు నిద్ర లేదు. ఏమైందే అంటే "టెన్షన్" అనేది. ఇంటర్ పిల్ల టెన్షన్ అంటే ఎవరైనా ఏమనుకుంటారు? పరీక్షలు. మా బావ "టెన్షన్ నక్కో లే బేటా, జిత్నే ఆతే ఉత్నే మార్కా బస్" అన్నాడు. ఎన్ని మార్కులొస్తే అన్నే చాలు అని. మంచి తండ్రి మాటే. కాలేజీలో ఒక మేడమ్ స్ట్రెస్ అంది, పొద్దున్నే యోగా చేయమంది. డాక్టర్ దగ్గరికి తీసుకుపోతే, పాపం ఆయన ముందు అరవై మంది ఉన్నారు, టెన్షన్ అనగానే విటమిన్ గోళీలు, నిద్రకు ఒక గోళీ రాశాడు. ఎవరి తప్పూ లేదు. పిల్ల చెప్పిన మాటకు తగ్గ జవాబే అందరూ ఇచ్చారు. మూడు నెలలు ఇలాగే గడిచాయి.

మా దాదీకి ఇంగ్లీషు రాదు. టెన్షన్ అనే మాట ఆమెకు తెలుసు కానీ దాన్ని కరెంటు సంబంధమైన మాటగానే చూస్తుంది. ఓ రోజు మగ్రిబ్ తర్వాత పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, తల మీద చెయ్యి వేసి అడిగింది. "క్యా హై బేటీ? ఫికర్ హై, గమ్ హై, యా ఖౌఫ్ హై?" చింతా, దుఃఖమా, భయమా?

పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఖౌఫ్" అంది.

ఖౌఫ్‌కు వెంటనే వచ్చే ప్రశ్న ఒకటుంది: ఎవరి ఖౌఫ్? ఆ ప్రశ్న టెన్షన్‌కు రాదు. దాదీ అడిగింది, పిల్ల చెప్పింది. పొద్దున బస్సులో ఒకడు ఎక్కుతున్నాడు. పక్కన నిలబడుతున్నాడు. కాలేజీ గేటు దాకా వెనక వస్తున్నాడు. ఫోన్ నంబర్ ఎక్కడో సంపాదించాడు. ఇంట్లో చెబితే చదువు మానిపిస్తారని పిల్ల భయం, చెప్పకపోతే వాడి భయం.

మరుసటి రోజు నుంచి వారం పాటు మా బావ అదే బస్సులో రెండు సీట్ల వెనక కూర్చుని వెళ్లాడు. మూడో రోజే వాడు దొరికాడు. పోలీసులను పిలిచారు, ఫోన్ చూపించారు, వాడి తల్లిదండ్రులను రప్పించారు. దాదీ ముందే షరతు పెట్టింది, పిల్ల చదువు మానిపించే మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదని. పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. నిద్ర గోళీల పత్తా మా ఆపా అల్మారాలో ఇంకా సగం అలాగే ఉంది.

దాదీ ఏ సైకాలజీ చదవలేదు. ఆమె దగ్గర మూడు మాటలు ఉన్నాయి, అంతే. మూడింటిలో ఏదో ఒకటి ఎంచుకోమంది. టెన్షన్ అనే మాట పిల్ల అబద్ధంగా చెప్పలేదు, దాని వెనక దాక్కుంది. అంత పెద్ద మాట వెనక ఎవరైనా దాక్కోవచ్చు. మగవాళ్లు అప్పులు దాచుకుంటారు, కోడళ్లు అత్తింటి దెబ్బలు దాచుకుంటారు, ముసలివాళ్లు ఛాతీలో నొప్పి దాచుకుంటారు.

ఆ తర్వాత నేను గమనించడం మొదలుపెట్టాను. ఇంగ్లీషులో కూడా దీనికి అక్కచెల్లెళ్లు చాలామందే వచ్చారు మన ఊరికి. "స్ట్రెస్" హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ చేసి పండక్కి వచ్చేవాళ్ల మాట, జీతం కొంచెం ఎక్కువ ఉన్నవాళ్లది. "ప్రెషర్" పైనుంచి వచ్చేది, ఆఫీసరుదో అప్పులవాడిదో. "బీపీ" అంటే మా దగ్గర రక్తపోటు కాదు, కోపం. "నాకు బీపీ తెప్పియ్యకు" అంటారు. "డిప్రెషన్" చాలాకాలం సముద్రంలో తుఫానుకే ఉండేది, ఇప్పుడు మనుషులకూ వచ్చింది. ఆ మాట రావడం మంచిదే అంటాను. అది నిజంగా ఒక బీమారీ పేరు, దానికి డాక్టర్ ఉన్నాడు, ఇలాజ్ ఉంది. దాన్ని కూడా టెన్షన్ అని కప్పేసి, తావీజు కట్టి ఇంట్లో పెట్టుకునేవాళ్లను చూశాను.

తెలుగులో భయానికి మా వైపు "బుగులు" ఉంది. "బుగులైతుంది" అంటే రాత్రి ఒంటరిగా చెరువు కట్ట మీద నడిచినప్పటి భయం, కారణం కళ్లకు కనిపించని భయం. ఉర్దూలో మా ఆడవాళ్లు దీన్నే "హౌల్" అంటారు. "హౌల్ ఉఠ్ రా" అంటే గుండెలో ఏదో లేచి వస్తోందని. ఖౌఫ్‌కు ఎదురుగా ఒక మనిషో జంతువో ఉంటుంది. బుగులుకు, హౌల్‌కు ఎదురుగా చీకటి ఉంటుంది. ఖౌఫ్‌కు ఎవరు అని అడగాలి. బుగులుకు పక్కన పడుకోవాలి, దీపం ఉంచాలి. "బేజార్" ఇంకో దారి, అది విసుగు. మనిషి బేజారైతే వాడికి ఫికరూ ఉండదు, ఖౌఫూ ఉండదు. నన్నడిగితే అన్నింటిలో అదే ప్రమాదం.

టెన్షన్ మాటను ఎవరూ మానేయలేరు, నేనూ మానలేదు. ఈ వ్యాసం రాయడం ఆలస్యమైందని పొద్దున్నే నాకు టెన్షన్ వచ్చింది. కానీ ఇంట్లో ఎవరైనా ఆ మాట అంటే దాదీలాగా ఇంకో ప్రశ్న అడుగుతున్నాను. పిల్లలు మొదట నవ్వారు, తర్వాత అలవాటు పడ్డారు. మొన్న మా చిన్నవాడు బడి నుంచి వచ్చి "అబ్బా, ఆజ్ ఖౌఫ్ నహీ, ఖాలీ ఫికర్ హై" అన్నాడు. లెక్కల హోంవర్క్ చేయలేదట.

ఒక అనుభవం మాత్రం ఈ మాటల్లో ఎక్కడా ఇమడలేదు. గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇంట్లో రాత్రి రెండు గంటలకు ఫోన్ మోగితే, మోగడానికీ ఎత్తడానికీ మధ్య ఉండే ఆ మూడు క్షణాలు. దాన్నేమంటారని అమ్మీని అడిగాను. మా తమ్ముడు దమ్మామ్‌లో ఉన్నాడు కాబట్టి ఆమెకు తెలుసు. "ధడ్కా" అంది. గుండె కొట్టుకోవడం అని. మాకు ఎదురింట్లో ఉండే అక్క కొడుకు కూడా అక్కడే, అదే కంపెనీ. ఆమె బియ్యం చెరుగుతూ వింటోంది. తలెత్తకుండానే అంది: "గదేందో నాకెర్కలే గని, పానం జల్లుమంటది."